కాటా

నా పని తూకం.
ఖాళీగా వచ్చిన లారీని ఒకసారి, నిండినాక ఒకసారి
తూచి, తేడా రాసి, చీటీ చించి ఇస్తా.
పద్దెనిమిదేండ్లుగా ఆ తేడా మీదే బతుకుతున్నా.
ఓబులేసూ అని పిల్చేటోళ్లు తక్కువ,
అందరికీ కాటాయననే.

కంపెనీ లాభం పేపర్లో పడకముందే నాకు తెలుస్తాది.
పోయిన వేసవిలో రాత్రికి తొంభై లారీలు,
ఈ మార్చిలో నూట నలభై.
వరుస రాక, ఎర్రగుంట్ల రోడ్డు పొడుగునా
క్లీనర్లు టైర్ల పక్కనే గుడ్డ పరుచుకొని పండుకొన్నారు.

ఏప్రిల్లో మైసూరుపాకు పంచినారు.
అరకేజీ డబ్బా, పైన బంగారు రంగు అక్షరాలు:
మీ శ్రమే మా బలం.
తిన్నంక మా చిన్నది డబ్బాలో పెన్సిళ్లు పెట్టుకొంది.

మళ్లా సోమవారం
నోటీసు బోర్డు మీద పేర్లు. నూట పదహారు.
పెండ్లిలో చదివింపులు చదివినట్టు, నూట పదహారు!
ఎవడు లెక్క తేల్చినాడో గాని
శుభమైన లెక్కే తేల్చినాడు.
ప్యాకింగు దస్తగిరి,
బెల్టు కింద దుమ్ము ఊడ్చే హుస్సేనమ్మ,
క్వారీలో మందు దట్టించే సుంకన్న,
ఎడమ చెవి కంపెనీకే ఇచ్చినోడు.
మిషన్లు వచ్చినాయి, మనుషులు ఎక్కువైనారు అన్నాడు మేనేజరు,
కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత తేలిగ్గా.

నా పేరు లేదు.
ఆ రాత్రి సంగటి ముద్ద గొంతు దిగలేదు అని చెప్తే బాగుంటాది.
దిగింది.
రెండో ముద్ద కూడా దిగింది.
అదే నన్ను తెల్లార్లూ పండుకోనీలేదు.

యూనియన్ మౌలాలి ఇంటికొచ్చినాడు చీకటి పడినాక.
"లారీల లెక్క కావాల కాటాయనా."
పుస్తకం ఇస్తే ఉద్యోగం పోతాది అన్నా.
"పుస్తకం వద్దులే, నోటితో చెప్పు."
బండ మీద కూచోని, వేళ్లు మడుస్తా, నెల నెలా చెప్పినా.
మా చిన్నదాని లెక్కల నోటుబుక్కులోనే రాసుకొన్నాడు.
మధ్యలో కరెంటు పోతే సెల్లు వెలుతుర్లో.

ఆ అంకెలే కరపత్రమైనాయి.
సిమెంటు లారీల వెనకే అంటించినారు పిల్లోళ్లు.
మా మాట బళ్లారి దాకా పోయింది,
మద్రాసు దాకా పోయింది,
గేటు నుంచి నూరడుగుల్లో ఉండే ఏసీ గది దాకా మాత్రం
పోలేదు.

ఇరవయ్యో రోజు, పొద్దున షిఫ్టు కూత కూసే యాళకు
నూట పదహారు మందీ నడుచుకుంటా వచ్చి
కాటా మీద నిలబడినారు.
నినాదాల్లేవు. చేతుల్లో ఖాళీ మిఠాయి డబ్బాలు.
ఇనుప పలక కొంచెం కుంగింది,
నా కుర్చీ కాళ్లకు తెలిసింది.
వెనక లారీలు హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయినాయి.
హుస్సేనమ్మ చెప్పులు ఇడిసి పక్కన పెట్టింది,
వాటి బరువు లెక్కలోకి రాకూడదంట.
మౌలాలి కిటికీలోకి వంగి అన్నాడు,
"తూకం ఎయ్ కాటాయనా. నీ పని నువ్వు చెయ్."

ఎర్ర అంకెలు కాసేపు తడబడి నిలబడినాయి:
ఆరువేల మూడువందల ఎనభై కేజీలు.

ఒక లారీ సరుకులో అయిదో వంతు.
బస్తాల లెక్కన నూట ఇరవై ఏడు, పైన అరబస్తా.
ఇంతేనా, కంపెనీకి
మీరు బరువైంది?

చీటీలో బండి నంబరు అడిగింది మిషను. లేదు.
సరుకు అని అడిగింది.
ఆ గళ్లో గీత ఆరుతా, వెలుగుతా ఉంది.
మేనేజరు ఫోను మోగుతానే ఉంది.

కుర్చీలోంచి లేసినా.
తలుపు దగ్గర నేను కూడా చెప్పులు ఇడిసినా.
పలక అప్పటికే ఎండకు కాలుతాంది.
సుంకన్న జరిగి చోటిచ్చినాడు.

లోపల అంకె మారే ఉంటాది.
ఎంతయిందో చూసేదానికి
గదిలో ఎవరూ లేరు.