గాల్లో మలుపు

చెంగల్రాయుడికి పంతొమ్మిదేళ్లు.
పేరులోనే చెంగు ఉంది వాడికి.
నాకు నలభై ఒకటి, మోకాళ్లలో నొప్పి.
కొర్లగుంటలో మేడమెట్ల కింద వాడి గేమింగ్ సెంటరు,
ఆరు కంప్యూటర్లు, ఒక ఫ్యాను.
ఘాటు రోడ్డు మూసే గంటకి నేనక్కడ,
మళ్లా తెరిచేదాకా.

తుపాకీ పేల్చడం వారంలో వచ్చింది.
అది ఎవరికైనా వస్తుంది.
రానిది గెంతు.

"ఎగిరినాక డబ్ల్యూ ఒదిలెయ్‌నా,
గాల్లో ముందుకనేదే లేదు.
ఎడమ కీ నొక్కు, మౌసు ఎడమకే తిప్పు,
రెండూ ఒకటే తూగుగా, పాలు ఒంపినట్ల.
నేల తగలంగానే చక్రం గీకు, మళ్లా ఎగురు.
ఇప్పుడు కుడి."

స్క్రీను కింద ఒక అంకె.
ఉత్త పరుగు రెండువందల యాభై.
నేనెగిరితే రెండువందల పది. నూట తొంభై.
గోడ.

"మెలికలోనే స్పీడుంటాదినా."
వాడికేం తెలుసు మెలికలంటే!
పదహారేళ్లుగా మెలికల మీదే మా ఇంటి బియ్యం.
మలుపుకు ముందే సెకండ్ గేరు, హారను,
వెనక సీట్లో నిమ్మకాయ వాసన చూసుకునే ముసలామె,
కవరు పట్టుకున్న పిల్లోడు.
మలుపులో స్పీడు వెతుక్కున్న తుమ్మలగుంట మునస్వామి
స్టాండులో పటమై ఉన్నాడు.
పైగా మా దారిలో తొందరగా చేరితే జరిమానా.
కింద చీటీ మీద టైము కొడతారు,
పైన చూసుకుంటారు.

ఈ చేతులకు చెప్పాలి ఇప్పుడు,
తిరిగితేనే పెరుగుతుందని.
వినవు. ఒకటి గేరు కోసం తడుముతుంది.
కుర్చీ కింద కాలు బ్రేకు తొక్కుతుంది,
చెంగడు చూసి నవ్వుతాడు.

పదకొండు రాత్రులు.
ఒక కీ మీంచి వేలెత్తడం ఇంత కష్టమా.
నడిమి వేలు డబ్ల్యూకే అతుక్కుని ఉంది,
ఎత్తితే ఫైనాన్సోళ్లు బండి పట్టుకుపోతారన్నట్టు.
చెంగడు ఏం చేసినాడంటే
స్పూనుతో ఆ కీనే పీకి జేబులో వేసుకున్నాడు.
"ఇప్పుడెగురు."

పక్కకి ఒకడుగు. ఎగిరినాను. ఎడమ.
తగిలింది, గీకినాను. కుడి.
రెండువందల అరవై రెండు.
ఎడమ, తడి బండ మీద సబ్బుబిళ్ల జారినట్టు,
రెండువందల ఎనభై,
కుడి,
మూడువందల నాలుగు అని చూసినాను,
చూడబట్టే పడినాను.

వెనక్కి తిరిగితే చెంగడు నిద్రపోతున్నాడు,
జేబులో నా డబ్ల్యూతో.
పక్క సీటు పిల్లోడు మైకులో ఎవడినో తిడుతున్నాడు.
ఎవరూ చూళ్లేదు.

మూడింటికి అలిపిరి. ఆదోని కుటుంబం, ఏడుగురు.
"కడుపులో తిప్పకుండా పోనీ నాయనా."
సెకండ్ గేరు, హారను.
చేతులు వాటికి తెలిసిందే చేసినాయి.
ఒక్క చోట మాత్రం,
బండి ఒరిగి, కింద ఊరి దీపాలన్నీ
అద్దంలో ఒక్కసారిగా తిరిగినప్పుడు
ఉంగరపు వేలు స్టీరింగు మీద
ఏ కీ లేని చోట నొక్కింది.

పైన గేటాయన చీటీ చూసినాడు.
"రెండు నిమిషాలు ముందొచ్చినావే."
"మలుపులు సార్," అన్నాను.
అందరికీ ఉండే మలుపులే కదా అన్నాడు,
పక్కకు తీసి ఆపమన్నాడు.

ఆపినాను.
నిద్రలేచిన పిల్లోడు అడుగుతున్నాడు,
వచ్చేసినామా, ఎందుకు ఆగినామని.