దిగువకి కబురు

బట్టల కొట్టువాళ్ళిచ్చిన పసుపు సంచీని
నా బల్ల మీద బోర్లించాడు పితాని బూరయ్య.
మూడు ఊళ్ళ చీటీలు, పదిహేడు రకాల బిళ్ళలు,
సగం వాడి మడిచేసిన రేకులు,
కోటిపల్లి రేవులో పంటు టిక్కెట్టు ఒకటి.

కాకినాడ గుండె డాక్టరు నీటి బిళ్ళ పెంచాడు.
కాళ్ళ వాపు తీసింది.
రాజమండ్రి కిడ్నీ డాక్టరు రక్తం రిపోర్టు చూసి
అదే బిళ్ళని సగానికి విరిచాడు.
వాపు మళ్ళీ మోకాలిదాకా వచ్చింది.
అమలాపురం షుగరు డాక్టరమ్మకి
ఈ ఇద్దరి గొడవా తెలియదు.
ఆవిడ రాసిన ఇన్సులిన్
మందగించిన కిడ్నీల వెనక నిలవుండిపోయి
తెల్లవారుజామున మనిషిని చెమటల్లో ముంచేది.

"అందరూ చెప్పినట్టే చేశానండి" అన్నాడు.
నిజమే. అందరూ సరిగ్గానే రాశారు.
ఈయన మాత్రం నెలకోసారి మా వార్డులో.

నేను నర్సుని. నాకున్నవి
ఒక రూళ్ళ పుస్తకం, ఒక ఫోను, గురువారం మధ్యాహ్నాలు.
ముగ్గుర్నీ ఒకే లైనులోకి తేవడానికి
మూడు వారాలు పట్టింది.

ఆ రోజు మందుల గది సత్యవేణి
సంచి అడుగున తడిమి
ఏ చీటీలోనూ లేని ఎర్ర బిళ్ళ తీసింది.
మోకాళ్ళ నొప్పికట.
సంత రోజు కొనుక్కుంటాడట, రెండేళ్ళుగా.
ఫోనులో మూడు గొంతులూ ఒక్కసారే ఆగిపోయాయి.

బూరయ్య నవ్వాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు కాలవ మీద లస్కరు పని చేసినవాడు.
"ఎగువోడు తలుపెత్తే ముందు
దిగువోడికి కబురెట్టాలండి.
లేపోతే ఒకడి చేను మునిగిపోద్ది,
శివారోడి ఆకుమడి ఎండిపోద్ది.
నీళ్ళు అయ్యేనండీ, తలుపులే వేరు."

ఎర్ర బిళ్ళ మానిపించాం.
నీటి బిళ్ళ ఎంతో ఇద్దరూ ఒక మాట మీదికొచ్చారు,
కాస్త విసురుగానే.
డాక్టరమ్మ రాత్రి సూది తగ్గించింది.
ఆశా కార్యకర్త మంగాయమ్మ రోజూ పొద్దున్నే
ఆయన బరువు చూసి
తలుపు చెక్క మీద సుద్దతో వేస్తుంది,
లాకు గోడ మీద నీటిమట్టం వేసినట్టు.
ఒక్క కిలో పెరిగినా నాకు ఫోను.

కొబ్బరి బొండం దగ్గరే మేమంతా ఓడిపోతున్నాం.
అందులో పొటాషియం ఉంటుందన్నాను.
చుట్టూ చెట్లేనండీ, ఎటు చూడమంటారు అన్నాడు.

నిన్న ఆయనే ఫోను చేశాడు.
"నర్సమ్మగారూ, సగం తాగేశానండి, రాసుకోండి."
రాసుకున్నాను.
కాసేపాగి, గొంతు తగ్గించి,
"రెండు బొండాల్లోనండి, సగం సగం."

కొట్టేసి, మళ్ళీ రాసి,
రాజమండ్రి నంబరు నొక్కాను.