ముందుమాట

మిర్యాలగూడల మిల్లు గేటు ముంగట
ట్రాక్టర్ల వరుస కోదాడ రోడ్డెక్కింది.
మొదటిది లచ్చిరాంది. రెండోది నాది.
వెనుక ఎన్నున్నయో లెక్కపెట్టినోడు లేడు.
మిషను కోసి పోసిన పచ్చివడ్లు
తాటిపత్రి కింద వెచ్చగ ఊపిరి తీస్తున్నయి.

రాత్రి పొద్దుపోక ఆట.
మూడు ముక్కలు గాదు, కొత్తది.
గోవా ఓడల రెండేండ్లు పత్తాలు పంచి
సగం జీతం ఆడనే ఇడిసిపెట్టి వాపసొచ్చిన
జానిమియా నేర్పిండు:
చేతిల రెండు, నేల మీద అయిదు.
పైసలకు బదులు పల్లికాయలు, కాయకు పది రూపాలు.
ఆకలైనోడొకడు యాభై రూపాలు నమిలి మింగిండు.

ఇద్దరు చూడకుండ పెడతరు.
వాళ్ళ పక్కోడు అందరికంటె ముందు నోరు తెరవాలె.
"గదే కష్టం సీటు" అన్నడు జానిమియా,
"నీ వెనుక ఏడుగురు.
నువ్వేమన్నవో వాళ్ళకెరుక,
వాళ్ళేమంటరో నీకెరుక లేదు.
ఆసు, రాజు పడితె పెంచు. లేకుంటె పారెయ్.
ఊకె చూద్దామని మాత్రం ఒక్క కాయ గూడ వెయ్యకు."

నేను ఊకె చూద్దామనే వేసేటోణ్ణి.
బోరు గూడ అట్లనే వేయించిన.
ఆఠీను పది, ఆఠీను జాకీ,
ఎంత ముద్దొచ్చినయో!
వేసిన. వెనుకోడు పెంచిండు, ఆ వెనుకోడు ఇంకింత.
నా కాయలు నన్ను చూసి నవ్వుకుంట పోయినయి.

లచ్చిరాం అట్ల గాదు.
వరుస తిరిగి ముందుసీటు తనకొచ్చినప్పుడల్లా
బీడీ ముక్క పారేసినంత అల్కగ పారేసిండు.
అదే మనిషి ఆఖరి సీటుకు పోయినంక
ఎందుకూ కొరగాని ఏడు, అయిదుతోటి
మా అందరివీ గుంజుకున్నడు.
ముందుసీట్ల రాత్రంత ఒక్కసారే పెంచిండు.
ఒకళ్ళ మొఖాలొకళ్ళం చూసుకున్నం. అందరం పారేసినం.
పత్తాలు చూపెట్టలె.
కాయలు దగ్గరికి ఊడ్చుకొని
వాటి మీది మట్టి ఊదిండు.

ఆ రాత్రి మాతోటి కూసున్నోళ్ళల్ల
కాంటా గుమాస్తా సుదర్శనం ఒకడు.

తెల్లారింది. బాయిలరు కూసింది.
తేమ మిషను పట్టుకొని సుదర్శనం వచ్చిండు,
రాత్రి చుట్టరికం మొఖంల లేదు.
"ఇరవై రెండు తేమ. రెండువేల వంద.
ఒప్పుకుంటె గేటు తీస్త."

ఈడ వరుస తిరగది.
ఆఖరి సీటు ఎప్పటికీ మిల్లుదే.
మొదటి ట్రాక్టరు తలూపిన ధర
వెనుకున్న అందరి మెడల పడ్తది.
పత్తాలైతె పారేయొచ్చు,
ఇంకో రాత్రాగితె వడ్లు మొలకలేస్తయి.

లచ్చిరాం మా దిక్కు తిరిగి చూడలె.
పిడికెడు తీసి, అరచేతిల నలిపి, పొట్టు ఊదిండు,
అచ్చం రాత్రి ఊదినట్టె.
"రెండువేల మూడొందలు" అన్నడు.
అటెన్క ఒక్క ముక్క మాట్లాడలె.

సుదర్శనం ఒక గింజ కొరికిండు.
గింజను ఇడిసి మనిషిని చూసిండు.
ముందు కూసొని గాలికి పెంచేటోడు కాదు వీడని
రాత్రి నూటయాభై పోగొట్టుకొని నేర్చుకున్నది
యాదికొచ్చినట్టుంది.
ఫోను చెవుల పెట్టుకొని లోపలికి పోయిండు.

ఎండల నిలబడ్డం.
ట్రాక్టర్ల మీద నుంచి ఎవడో "ఏమైందే" అని అరిచిండు.
నేను మెల్లగ అడిగిన:
"రాత్రి ఆ ఒక్కసారి నీకేం పడ్డయిరా?"

లచ్చిరాం కండ్లు గేటు మీదనే ఉన్నయి.
జేబుల చెయ్యి పెట్టి
రెండు పల్లికాయలు తీసి నా చేతిల పెట్టిండు.

ఒకటి విప్పిన. లొట్టది.
రెండోది గుప్పిట్లనే పట్టుకొని నిలబడ్డ,
గేటు కిర్రుమనేదాక.