రేపటి తేదీ

చర్లపల్లి గేటు కాడ రాత్రి పదింటికి
చెప్పులిడిచి రబ్బరు బూట్లల్ల కాళ్లు పెడ్త.
కమ్మలు ఇంట్లనే, పప్పు డబ్బాల.
జుట్టంతా టోపీల దాస్తే
అందరం ఒక్క తల్లి పిల్లల లెక్కనే కనబడ్తం.

నాది మూడో లైను. అర లీటరు, నీలం పాకిటు.
మొదటి పని తేదీ మార్చుడు.
గోడ గడియారంల ఇయాల ఇంకా రెండు గంటలు మిగిలుంటది,
మిషన్ల మటుకు రేపు వచ్చేస్తది.
నేనే తెస్త దాన్ని, నాలుగు గుండీలు నొక్కి.

పదకొండేండ్లాయె గిట్ల,
పట్నం కంటె ముందు రేపట్ల అడుగువెట్టుడు
అది తెల్లారే యాళ్లకు పండుకునుడు.

నిద్రొస్తే ఏం జేస్తవ్ అని అడుగుతరు.
అది మూడింటికొస్తది,
ముందుగాల మోకాళ్లల్లకు, ఆ తర్వాత కండ్లల్లకు.
చల్లటి రూముల మూడు నిమిషాలు నిలబడ్త.
చంద్రకళక్క చింతపండు ఉండ బుగ్గల పెట్టుకుంటది.
కొత్తగొచ్చిన నజ్మా పదమూడో ఎక్కం చదువుతది,
పదమూడార్ల కాడ ఆగుతది ప్రతిసారి.
డెబ్బై ఎనిమిది, అని నేను అందిస్త.

ఒక్కనాడు అందియ్యలే.
నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే నిద్రవొయిన.
తేదీ మార్చుడు మర్చిన సంగతి కూడ అప్పుడే బయటవడ్డది.
నలభై ట్రేల పాలు
పుట్టకముందే పాతవైనయ్.
సగం దినం కూలి కోసిండ్రు. నజ్మా ఏడ్చింది,
ఎక్కం రాకపోవుడే తప్పయినట్టు.

పొద్దుగాల మౌలాలి గుట్ట మీద ఎండ పడేటప్పుడు
బస్సెక్కుత. ఎదురుంగ తలస్నానాలు, పౌడరు వాసన,
టిఫిన్ డబ్బాలు ఒళ్లె పెట్టుకున్నోళ్లు.
నా కాడ పాలు విరిగిన వాసన.
కిటికీ దిక్కు తిరిగి కూసుంట.

ఇంట్ల కిటికీకి నల్ల దుప్పటి, నాలుగు మేకులు.
మా ఆయన ఆటో తీసుకొని అప్పుడే పోయి ఉంటడు,
ఆయన లేచిన జాగ ఇంకా వెచ్చగనే.
అదే మా కలుసుడు.

ఉల్లిగడ్డల బండి మైకు, పాతసామానోడు,
పై అంతస్తుల మిక్సీ, బోరు మోటరు.
ఒక్కొక్కటి వచ్చి నా నిద్రల నుంచి
ఇంత తుంచుకొని పోతది.
నల్లా పదకొండింటికి వస్తది, దినం తప్పిచ్చి దినం.
నేను లేచేసరికి నా బిందెలు నిండి, మూతలు పెట్టి ఉంటయి.
సకీనా ఖాలా ఎన్నడు చెప్పదు తానే పట్టిన్నని.
ఒకనాడు దుప్పటి అవుతల ఆమె గొంతు విన్న,
మైకు బండోనితోటి కొట్లాడుతుంది,
"బంద్ చెయ్ నాయనా, లోపట పసిపిల్ల పండుకున్నది."
ఆ పసిపిల్లను నేనే. నలభై రెండేండ్లదాన్ని.
ఆ దినం నాలుగు గంటలు
కదలకుండ పండుకున్న.

బళ్లె అడిగిండ్రట మీ అమ్మ ఏం పని అని.
"మా అమ్మ తారీఖులు తయారు చేస్తది" అని రాసింది బిడ్డ.
టీచరు ఎర్రపెన్నుతోటి గీత కొట్టి
పైన "పాలు" అని రాసింది.
నేనైతే మార్కులేసేదాన్ని.

ఐతారం సెలవు. అదే కష్టం.
అందరు పండుకున్నంక మిద్దె మీదికి పోయి కూసుంట.
గూడ్సు బండి ఒకటి యార్డుల ముందుకు, ఎనుకకు.
దూరంగ ఫ్యాక్టరీల లైట్లు, లోపట ఎవరో ఒకరు
కండ్లల్ల నీళ్లు కొట్టుకుంటుంటరు.
చేతులల్ల పని లేక వేళ్లు గుండీల కోసం దేవులాడుతయి.

పన్నెండాయె.
ఫోన్ల తేదీ సప్పుడు లేకుండ మారింది.
నేను నొక్కలే.
ఏ లైనుల ఏ అక్క నొక్కిందో.

పదమూడార్లు డెబ్బై ఎనిమిది,
అన్న, జర పైకే.
కింద గల్లీల కుక్క తలెత్తి చూసి
మళ్ల పండుకున్నది.