రుచి

అచ్చంపేట పెద్దాసుపత్రి చీటి మీద
రెండే అంకెలు గీసిండు డాక్టరు సారు:
నూట డెబ్బై ఆరు, నూట నాలుగు.
"దినమంతకు చెంచెడు ఉప్పు, గంతే.
తొక్కు బంద్, అప్పడాలు బంద్, బస్టాండు మిరపబజ్జి బంద్."
చెంచ అంటే ఎంతుంటది సారూ అన్న.
దగ్గు మందు సీసా మూత తీసి
నా అరచేతుల పెట్టిండు.

ఇర్వై రెండేండ్ల సంది
ఉప్పును గుప్పిటితోనే కొలిచినదాన్ని.
నూట నలభై మంది బడిపిల్లల పప్పుచారుకు మూడు గుప్పిళ్ళు,
గుడ్ల పులుసున్న రోజు రెండున్నర.
ఆ అర గుప్పెడు ఎంతన్నది
ఏ కాయితంల లేదు,
నా నాలుక మీదనే ఉండె.

ఇంట్ల మా పర్వతాలు గునిసిండు:
"బీపీ నీకొక్కదానికి, చప్పిడి కూడు ఇంటిల్లిపాదికా?"
నిజమే.
ఉప్పేసే ముందుగాల్నే ఇంత కూర తీసి
నాకు వేరే గిన్నెల పెట్టుకుంటున్న.
వేరే గిన్నె అంటే నాకు ఇంకోటి యాదికొస్తది:
హోటలు చూరుకు చెక్కిన మా నాయిన గ్లాసు,
తాగి ఆయనే కడిగి మళ్ళ ఆడనే చెక్కాలె.
ఇది గది కాదే, నీ గిన్నె నువ్వే పెట్టుకున్నవని
మొదటి వారమంత నాకు నేనే చెప్పుకున్న.

పొద్దుగూకినంక ఉప్పు పేరెత్తనియ్యకపోయేది అమ్మ.
పక్కింటికి పోయి
"జరంత రుచి పెట్టు వదినే" అనాలె.
ఇప్పుడు నాకు పట్టపగలు గూడ
ఆ పేరే నోట్లకొస్తుంది.
రుచి అడిగేటందుకు ఏ ఇల్లూ లేదు.

నెల దాటినంక ఏమైందో,
బీరకాయల ఇంత తీపి ఉందని
నలభై తొమ్మిదేండ్లకు తెలిసింది.
జొన్నరొట్టెను ఉత్తగనే నమిలిన,
పిండి మర వాసన, ఎండిన కంకి వాసన.
బోరు నీళ్ళు గొంతు దిగుతుంటే ఉప్పగ తగిలినయి.
మీది పెదివి మీద చెమట, అదీ ఉప్పే.
ఇన్నొద్దులు యాడుంటివే నువ్వు!

గని బడిల మోసపోయిన.
నా నాలుకకు సరిపోయిన చారు
పిల్లలకు ఉత్త నీళ్ళాయె.
పళ్ళాలకు పళ్ళాలే నల్లా కాడ ఒంపిండ్రు.
మర్నాడు భయానికి రెండు గుప్పిళ్ళు ఎక్కువ పడె,
ఒకటో తరగతి పోరడు మూతి ముడిచి ఉమ్మిండు.
పెద్దసారు ఉరికొచ్చిండు:
"ఈదమ్మా, ఉప్పూకారం తింటున్నవా లేదా?"
"కారం తింటున్న సారూ" అన్న.
లెక్కల టీచరు పైట కొంగు నోట్ల కుక్కుకుంది.

ఇగ గప్పుడు పిలిచిన తండా పిల్లను,
కేతావత్ సింధు, నాలుగో తరగతి,
గంట కొట్టకముందే పొయ్యి కాడ తిరుగుతుంటది.
గంటెతోని ఒక చుక్క దాని అరచేతుల పోసిన.
ఊదుకుంది, నాకింది, కండ్లు మూసింది,
పంచాయితి చెప్పే పెద్దమనిషి తీరు ఆలోచించింది.
"ఇంకింత పడాలె పెద్దమ్మా."
ఎంత బిడ్డా?
పిడికిలి పట్టి సూపెట్టింది.
జామకాయంత పిడికిలి.
దాని రెండు నాది ఒకటని
ఆనాటి నుంచి కొత్త లెక్క నడుస్తుంది.

ఒక దొంగతనం చెప్తున్న, సారుకు తెల్వదు.
నా లెక్క గీ పిల్లలకు నలభై తొమ్మిదో ఏట
మందు సీసా మూత అరచేతికి రావొద్దని
దినాం చిటికెడు, ఉత్త చిటికెడు, తగ్గించుకుంట వస్తున్న.
చింతపండు జరంత ఎక్కువ పిసుకుత,
ఎల్లిపాయ దంచి ఏస్త, కొత్తిమీర చల్లుత.
పన్నెండు దినాలు ఎవ్వరికీ ఎరుకలేదు.

మొన్న శనివారం
సింధు కండ్లు మూసింది, తెరిచింది,
నా దిక్కు చూసింది.
"నిన్నటికన్న తక్కువేసినవ్."

పొయ్యిల కట్టె ఎగదోసినట్టు చేసి
మొకం పక్కకు తిప్పుకున్న.
అది పోలేదు.
తడి అరచెయ్యి అట్లనే చాపి నిలబడ్డది,
ఇంకో చుక్క పొయ్యమని.