టోకెన్ పదిహేడు

తాడిపత్రిలో ఎండాకాలం సాయంత్రం.
రాతిదుమ్ము దగ్గుల మధ్య
టోకెన్ పదిహేడు: మద్దిలేటి, ఇరవై మూడేళ్లు,
బండల ఫ్యాక్టరీలో పాలిషింగ్ పని.
ముక్కుకు అడ్డంగా చేతిరుమాలు.
ఆ రుమాలును దుమ్ము ఖాతాలో వేసేశాను.

మొదటిసారి తలనొప్పి అన్నాడు.
రెండోసారి జలుబు.
మూడోసారి, "నిద్ర పట్టడంల్యా మేడం, ఒక మాత్ర రాయండి."
రాశాను. మూడుసార్లూ రాశాను.
చీటీ మీద సైనస్ అన్న నా అక్షరాలు
ఎంత ధీమాగా ఉన్నాయో.

నాలుగోసారి ఎక్స్‌రే అడిగాడు, ముక్కు ఎముకకు.
"యాడన్నా పడ్డావా?"
"పడల్యా."
"నొప్పా?"
"నొప్పి ల్యా."
మందుల బీరువా అద్దానికి వీపు పెట్టి
కుర్చీని అంగుళం అంగుళంగా జరుపుకుంటున్నాడు.
అతను వచ్చిపోయిన ప్రతిసారీ ఆ కుర్చీని
మళ్లీ చోటికి తోసింది నేనేనని
అప్పుడు గుర్తొచ్చింది.

బయట ఇరవై రెండు మంది.
తలుపు దగ్గర హుసేనప్ప దగ్గాడు,
త్వరగా కానివ్వమని ఆయన దగ్గు.
నేను పెన్నుకు మూత పెట్టాను.

"ముక్కు గురించి రోజులో ఎంతసేపు ఆలోచిస్తావు?"

చానాసేపు పలకలేదు.
"ఎంతసేపు ఆలోచించనో అడగండి మేడం.
అది చెప్పడం సులువు."

నల్లబండ మీద నీళ్లు పోసి రుద్దేకొద్దీ
అడుగు నుంచి తన మొహమే పైకొస్తుందట,
వంకర ముక్కుతో.
తుడిచి చూస్తాడు. తడిపి చూస్తాడు.
పక్క బండలో మళ్లీ చూస్తాడు.
రోజుకు నలభై బండలు.
చెల్లెలి పెండ్లి ఫోటోల్లో అతను ల్యాడు.
"వంటకాడ ఉంటి మేడం, పొగలో."

నాకు కనబడుతున్నది మామూలు ముక్కు.
బాగానే ఉంది కదయ్యా, అనబోయి ఆగాను.
ఆ మాట వాళ్లమ్మ అంది, మేస్త్రీ అన్నాడు,
అన్న ప్రతిసారీ ఇంకో మనిషికి
చెప్పుకోవడం మానేశాడు.

"దీనికో పేరుంది. ముక్కు జబ్బు కాదు, పిచ్చి కాదు.
మందుంది, మాట్లాడి నయం చేసే దారుంది.
నెలలు పడుతుంది."
"ఇట్ల ఇంకెవురికన్నా ఉండాదా?"
అడుగుతుంటే రుమాలు గడ్డం దాకా జారింది.
వెంటనే లాక్కున్నాడు.

అనంతపురం పెద్దాసుపత్రికి చీటీ రాశాను.
మొదటి బస్సు తప్పిపోయిందన్నాడు. రెండోదీ అంతే.
మూడోదానికి హుసేనప్ప తోడుపోయాడు.

ఆ రాత్రి పాత రిజిస్టర్లు తిరగేశాను.
రెండేళ్లుగా ఒకటే ఆయింట్‌మెంటు.
కుళ్లాయమ్మ, నందలపాడు,
పగిలిన చేతులు, వేళ్ల సందుల్లో నెత్తురు.
నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే వీధిలో
ఆ చేతులు అంతగా ఎట్ల నానుతాయని
ఒక్కసారైనా అడగలేదు.
సబ్బు మార్చమన్నాను.
బిందెల కాడ తోటికోడలితో కొట్లాటని
ఎవరో చెబితే నవ్వాను కూడా.

ఈ పొద్దు వచ్చింది. టోకెన్ తొమ్మిది.
కొంగులో చేతులు చుట్టుకుని
"అదే పూత మేడం, అయిపోయింది."

పెన్నుకు మూత పెట్టాను.
"కుళ్లాయమ్మా, కడిగినాక కూడా
కడగలేదనిపిస్తుందా?"

ఫ్యాను తిరుగుతూ ఉంది.
ఆమె తలుపు వైపు చూసింది.
"గడియ మీరే వెయ్యండి మేడం" అంది.
"నేను ముట్టుకోలేను."