ఏడు ఓవర్ల రెండు బంతులు

తొమ్మిదీ ఇరవై ఒకటికి
స్కోరు పుస్తకం మీద పడ్డ చుక్క
ఎవరూ వేయని బంతి.
చీర చెంగుతో అద్దాను.
ఎనిమిదో ఓవరు, రెండో బంతి దగ్గర
పెన్సిలు ఆగిపోయింది.

సెమీఫైనల్. మన జట్టు కాదు,
రెండూ సముద్రాల అవతలివే.
అయినా మధురవాడ సగం వచ్చింది,
జూన్ పద్నాలుగున ఆకాశాన్ని నమ్మి.

టార్పాలిన్ తాళ్లు పట్టినవాళ్లు నలభై మంది.
సగం మంది ఫిషింగ్ హార్బరు వాళ్లే,
వేట నిషేధం అరవై రోజులూ
బోట్లు లంగరు మీద, వీళ్లు పచ్చిక మీద.
తేడా పైనుంచి చూసినా తెలుస్తుంది.
మిగతావాళ్లు గుడ్డ లాగుతారు.
వీళ్లు వెనక్కి ఒరిగి, మడమలు తన్ని,
బరువు ఎటు జారుతుందో ముందే ఎరిగి
వల లాగుతారు.

నాకౌట్‌కి పది ఓవర్లు పడితేగానీ
గెలుపనేది పుట్టదు.
పదహారు బంతులు తక్కువ.
పదకొండూ ముప్పై ఎనిమిది దాటితే
రేపటికి, రిజర్వ్ డేకి.
రేపూ ఇంతే అయితే
లీగ్‌లో పైనున్నవాళ్లు
బ్యాటు తడవకుండా ఫైనల్‌కి.
మైకులో ప్రతి ఇరవై నిమిషాలకీ ఒక గొంతు
పరిశీలిస్తున్నాం, పరిశీలిస్తున్నాం.
జనం పల్లీల పొట్టు మీద కూర్చుని
పరిశీలించబడుతున్నారు.

టీ కోసం మెట్లు దిగితే ఎల్లాజీ,
తలకి పాలిథిన్ కవరు చుట్టుకుని.
"ఈ వాన ఇప్పట్లో ఒగ్గదండి మేడంగారూ.
గాలి యారాడ కొండ కాడ నిలబడి సూస్తంది."
రిఫరీ ఫోనులో మాత్రం
పావుగంటలో తెరిపి.
ఎల్లాజీని ఎవరూ అడగలేదు.

"రేపుంటే మీకింకో ఏడొందలు కదా" అన్నాను.
నవ్వాడు.
"రేపు నానుండనండి.
రేత్రి పన్నెండుకి నిషేదం తీసేస్తారు.
మా బోటు కదిలిపోద్ది."

అప్పుడు అర్థమైంది,
ఈ మైదానంలో రెండు గడియారాలు నడుస్తున్నాయి.
ఒకటి తెర మీద అందరికీ.
ఒకటి తాడు పట్టిన చేతికి.

పదీ యాభైకి కవర్లు తీశారు. చప్పట్లు.
పదీ యాభై ఏడుకి మళ్లీ కప్పారు.
ఐదు ఓవర్ల మాట, నాలుగు ఓవర్ల మాట,
చివరికి చేతులతో గాల్లో ఒక గీత.
స్టాండ్లన్నీ ఉసూరుమంటుంటే
ఒక్కడు మాత్రం ఎగిరి గేటు దూకాడు.
ఇరవై రెండు నిమిషాలు,
పద్దెనిమిది కిలోమీటర్లు,
ఎవరిదో బైకు వెనక సీటు.

సూపర్‌వైజరు మస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు.
ఉమ్మిడి ఎల్లాజీ పేరు పక్కన ఖాళీ.
"సంతకం లేకపోతే ఇవాళ్టిదీ పోయినట్టే" అన్నాడు,
తనకేం సంబంధం లేనట్టు.
ఇరవై ఆరేళ్లుగా నా పని ఒక్కటే,
చూసింది రాయడం.
చూశాను.
హాజరు అని రాసి
కింద నా సంతకం పెట్టాను.

మర్నాడు సాయంత్రం ఏడింటికి
కడిగిన పళ్లెంలా ఆకాశం.
కవర్లు కొత్త చేతులు లాగాయి,
మూల మడతపడి నీళ్లు పిచ్ పక్కకే ఒలికాయి.
క్యూరేటరు తిట్టిన తిట్లు
పుస్తకంలో రాసే గడి లేదు.

అదే బౌలరు, అదే చివర.
నిన్న ఆగిన అడుగు దగ్గర్నుంచే
పరుగు మొదలెట్టినట్టు వచ్చాడు.
రెండో బంతికీ మూడో బంతికీ మధ్య
నా పుస్తకంలో బియ్యపు గింజంత జాగా.
అందులోనే
ఇరవై ఒక్క గంటల ముప్పై తొమ్మిది నిమిషాలు,
ఒక వాన, ఒక బైకు,
ఏ ఓవర్ల లెక్కా లేని నీళ్ల మీదికి
వెళ్లిపోయిన ఒక బోటు.

బ్యాట్స్‌మన్ వదిలేశాడు.
పరుగు లేదు.

తలెత్తితే ఫ్లడ్‌లైట్ల అవతల
ఎక్కడో ఒకటి వెలుగుతోంది,
దీపమో, నింగిదో తెలీలేదు.

చుక్క పెట్టాను.